నాలుగు వేల మేకులు

కమ్మరి పనిలో నేను నూరో మెట్టు మనిషిని. ఆ నూరు మెట్లూ మూడు రోజుల్లో ఎక్కాను. ఒంటిచేత్తో, ఎవరి సాయమూ లేకుండా, డెబ్బై ఒకటో ఏట. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, ఈ పాయింట్ కుక్‌లో, నా ఈడు తెలుగువాళ్ళకి ఈ సంగతి చెబితే "ఆహా" అని బీపీ మాత్రల కబుర్లలోకి వెళ్ళిపోతారు. వాళ్ళ మనవలకి చెప్పాలి. ఒకసారి మా వీధి చివర పార్కులో ఎవరిదో పుట్టినరోజు బార్బీ, అంటే ఆరుబయట మాంసం కాల్చుకుని తినే విందు, జరుగుతుంటే, పదిహేడేళ్ళ పిల్ల ఒకతి చేతిలో ప్లేటుతో నా దగ్గరికి వచ్చి, "అంకుల్, నిజంగా హండ్రెడా? మా అన్నయ్య రెండేళ్ళుగా ఆడుతున్నాడు, సిక్స్టీ దాటలేదు" అంది. ఆ పూట నేను రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను.

ఆ మెట్లు కంప్యూటర్ ఆటలోవి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: బతికి బట్టకట్టడమే ఆ ఆట. మనల్ని తీసుకొచ్చి ఒక దీవిలో పడేస్తారు. మొలకి గుడ్డ తప్ప ఏమీ ఉండదు. చలి, ఆకలి, అడవి జంతువులు. నేల మీద రాయి ఏరుకోవాలి, కర్ర విరుచుకోవాలి, గడ్డి పేని తాడు చేసుకోవాలి. మూడూ కలిపితే గొడ్డలి. గొడ్డలితో చెట్టు, చెట్టుతో గుడిసె, గుడిసె పక్కన కొలిమి, కొలిమిలో ఇనుము. ఏ పని చేస్తే ఆ పనిలో పనితనం పెరుగుతుంది. నరికినకొద్దీ నరకడంలో, వండినకొద్దీ వండడంలో. తెర మూలన ఒక్కో పనికి ఒక్కో సన్నటి గీత ఉంటుంది. దెబ్బ వేస్తే గీత కొంచెం జరుగుతుంది. నిండితే ఒక మెట్టు.

నన్ను అందులోకి దించింది నా మనవరాలు, మా అమ్మాయి కూతురు. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. పైన మా అమ్మాయి, అల్లుడు, ఆ పిల్ల; కింద గదిలో నేనూ మా ఆవిడా. అప్పుడు మనవరాలు పన్నెండో తరగతి. స్నేహితులంతా పరీక్షల భయంతో ఆట మానేశారు. దీవిలో ఒక్కతే మిగిలింది. ఒక ఆదివారం వచ్చి నా కుర్చీ చేతి మీద కూర్చుంది.

"తాతా, నువ్వు ఖాళీయే కదా? నేను మైనింగ్‌కి వెళ్తే ఇంటి దగ్గర నిప్పు ఆరిపోతోంది. జస్ట్ కూర్చుని కట్టెలు వెయ్యి, అంతే."

"జీతమెంత?"

"రోజూ స్కూల్ నుంచి రాగానే కాఫీ నేను పెడతా."

"అమ్మమ్మ పెట్టే కాఫీ కంటే బాగుండాలి."

"అమ్మమ్మకి చెప్తా నువ్వన్న మాట."

అలా కట్టెలేసేవాడిగా చేరాను.

మొదటి వారం లెక్కలేనన్నిసార్లు చచ్చాను. చలికి ఒకసారి, పుట్టగొడుగులు తిని ఒకసారి, నేను నరికిన చెట్టే నా మీద పడి ఇంకోసారి. రాతిగొడ్డలితో ఎలుగుబంటిని చంపానని బార్బీలో పిల్లలకి చెప్పాను. అది అడవిపంది. చంపింది కూడా అదే, నన్ను.

అయినా ఆ గీత నన్ను పట్టేసింది. పదహారో ఏట నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనికి చేరాను. మేస్త్రి నా చేతికి ఒక ఇనుప ముక్కా, దాన్ని అరగదీయడానికి ఒక ఆకురాయీ ఇచ్చి, "నలుచదరం చెయ్యి" అన్నాడు. మూడు నెలలు అరగదీశాను. రోజూ సాయంత్రం ఆ ముక్కకి మూలమట్టం ఆనించి ఎండవైపు ఎత్తి చూసేవాడు. మట్టానికీ ఇనుముకీ మధ్య వెంట్రుకవాసి వెలుగు కనిపించినా సరే, ముక్కని మురిక్కాలవలోకి విసిరేసేవాడు. నేను దిగి ఏరుకొచ్చుకునేవాణ్ణి. మూడు నెలల్లో ఒక్కసారి బాగుందన్న పాపాన పోలేదు. ఒకరోజు ఎత్తి చూసి, విసరకుండా బల్ల మీద పెట్టి టీకి వెళ్ళిపోయాడు. అదే నా మొదటి మెట్టు. ఆ మెట్టుకి గంట మోగలేదు. ఆటలో మోగుతుంది, బంగారు రంగు అక్షరాలు కూడా పడతాయి. అక్కడ వేసిన దెబ్బ ఏదీ వృథా పోదు. ఎక్కడి నుంచి వచ్చావు, నీకు సర్టిఫికెట్ ఎవరిచ్చారు అని గీత అడగదు.

మెల్‌బోర్న్‌లో అడిగారు. ముప్పై నాలుగేళ్ళ వయసులో, పద్దెనిమిదేళ్ళు పనిచేసిన చేతులతో, మళ్ళీ చీపురు దగ్గర మొదలుపెట్టాను. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఊడ్చాను, మోశాను, పరీక్ష రాశాను, చివరికి అచ్చులు చేసే టూల్‌రూమ్‌లో నాకంటూ ఒక బల్ల దక్కించుకున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆ బల్ల నాది. తర్వాత ఈ దేశంలో కార్లు చేయడమే మానేశారు. ఆఖరి రోజు కేకు కోశారు, అందరినీ నిలబెట్టి ఫోటో తీశారు. నా పనిముట్లు తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఆటలో చస్తే పనితనంలో ఒక పిసరు తగ్గుతుంది. అంతే. మన సామానంతా చచ్చిన చోటే మూటగా పడి ఉంటుంది, పరిగెత్తుకెళ్ళి తెచ్చుకోవచ్చు. ఎంత దయగల ఆటో చూడండి! నాకు అరవై మూడో ఏట ఒక్క మధ్యాహ్నంలో మొత్తం సున్నా అయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఒక గిడ్డంగిలో పెట్టెల మీద చీటీలు అంటించాను. మూట వెతుక్కుందామంటే, నేను నిలబడిన చోట ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారు.

అందుకే నూరో మెట్టు కావాలనిపించింది. కావాలి, అంతే.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకుంటాను. మూడు రోజులు కాదు, పందొమ్మిది రోజులు. ఒంటిచేత్తో కూడా కాదు, ఆ మాటకొస్తే అసలు చేత్తోనే కాదు. ఆటలో సుత్తి పడాలంటే మౌసు బొత్తాం నొక్కి పట్టుకోవాలి, వేలు తీస్తే ఆగిపోతుంది. నా చూపుడువేలు కీళ్ళనొప్పితో పది నిమిషాలకే కొయ్యబారిపోతుంది. గరాజులో కూర్చుని ఒక ఇనుప పట్టీ కోసి, వంచి, మౌసు మీద గుర్రపు జీనులా కూర్చునే చిన్న బిగింపు చేశాను. పైన ఒక మర. తిప్పితే బొత్తాం నొక్కుకుని ఉండిపోతుంది. చేతికి బదులు పట్టుకునే ఇలాంటి వాటిని మా వృత్తిలో జిగ్ అంటాం. మర బిగించి, కాఫీ తాగి, ఒక కునుకు తీసి వచ్చేవాణ్ణి. కొలిమి దగ్గర నా బొమ్మ మేకులు కొడుతూనే ఉండేది. మేకులే ఎందుకంటే, తక్కువ ఇనుముతో ఎక్కువ దెబ్బలు పడేది వాటికే.

ఆ ఇనుము నా మనవరాలు తవ్వి తెచ్చింది. పడవ కట్టడానికి దాచుకుంది. చలికాలం రాకముందే పక్క దీవికి, వెచ్చటి దీవికి, దాటిపోవాలని దాని ఆలోచన.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చి, ఆటలో సామాను పెట్టె తెరిచింది. పక్కనున్న రెండో పెట్టె కూడా తెరిచింది.

"తాతా."

"ఊఁ."

"మన దగ్గర నాలుగు వేల మేకులు ఎందుకున్నాయ్?"

"పడవకి మేకులు అక్కర్లేదూ?"

"పడవకి ఫార్టీ చాలు! రేకులు కావాలి, లంగరు కావాలి. ఐరన్ అంతా ఏదీ?"

"ఎక్కడికీ పోలేదమ్మా, మేకుల్లోనే ఉంది."

"వాటిని మళ్ళీ కరిగించడం కుదరదు తాతా, ఓ మై గాడ్!" అంటూ తెర మూలకి చూసి ఆగిపోయింది. "హండ్రెడ్? నీకు హండ్రెడ్ ఎలా వచ్చింది?"

"చేత్తో" అన్నాను.

మౌసు వైపు చూసింది. జిగ్ దాని మీదే ఉంది, తీయడం మర్చిపోయాను.

తిడుతుందనుకున్నాను. మర విప్పింది, బిగించింది, మళ్ళీ విప్పింది. తలకిందులు చేసి వంపు దగ్గర వేలితో రాసి చూసింది.

"ఎక్కడ కొన్నావ్?"

"చేశాను."

"ఎలా?"

"చేత్తో."

ఒకే మాట రెండుసార్లు అన్నాను ఆ పూట. రెండోసారి నిజం.

ఆ చలికాలం దీవిలో మేమిద్దరం పడవ లేక గడ్డకట్టి చచ్చాం. ఇద్దరికీ పట్టలేదు. అప్పటికి మేం గరాజులో ఉన్నాం. తన జిగ్ తనే చేసుకుంటానంది. ముందు నలుచదరం చెయ్యమని ఒక ముక్కా, ఆకురాయీ చేతికిచ్చాను. ఆకురాయి పళ్ళలో ఇనుప పొడి ఇరుక్కోకుండా దానికి సుద్ద రాయడం చూపించాను. బరువు ముందుకి తోసేటప్పుడే పడాలి, వెనక్కి తెచ్చేటప్పుడు చెయ్యి తేలికవ్వాలి అని చూపించాను. రోజూ గంటసేపు. అది అరగదీస్తున్నంతసేపూ ఆటోనగర్ షెడ్డు నుంచి టూల్‌రూమ్ బల్ల దాకా నా కథంతా చెప్పాను. పరీక్షల చదువు మధ్యలో కాస్త విరామమని వాళ్ళమ్మ ఊరుకుంది.

"ఇప్పుడు నా లెవెల్ ఎంత తాతా?"

"సున్నా."

"నిన్న కూడా సున్నాయే అన్నావ్!"

"నిన్నటిది ఉత్త సున్నా. ఇవాళ్టిది కొంచెం పనికొచ్చే సున్నా."

"యూ ఆర్ సో మీన్" అని మళ్ళీ వంగి అరగదీసేది. అరచేతుల్లో బొబ్బలు లేచాయి, చితికాయి, కాయలు కాచాయి. నాకు ముప్పై ఏళ్ళు వచ్చినా రానిది దానికి అప్పుడే ఉంది: తొందర లేకపోవడం. ఆరో వారంలో ఒక సాయంత్రం మూలమట్టం ఆనించి ఎండవైపు ఎత్తాను. వెలుగు రాలేదు. నాలుగు వైపులా తిప్పాను. ఎక్కడా రాలేదు. ముక్కని బల్ల మీద పెట్టి కాఫీకి వెళ్ళిపోయాను. "అంటే ఏంటి తాతా? బాగుందా? చెప్పి వెళ్ళు!" అని వెనక నుంచి అరుస్తూనే ఉంది. వంటింట్లోకి వచ్చాక కళ్ళు తుడుచుకున్నాను. మా ఆవిడ చూసి, ఉల్లిపాయలు ఇటున్నాయి కదా, అటు నిలబడి ఏడుస్తారేం అంది.

తర్వాత అది చేసిన జిగ్ నా దానికంటే బాగా కుదిరింది. ఇది గొప్పకి చెప్పడం లేదు. నా దాంట్లో మర కొంచెం వదులు, దాని దాంట్లో లేదు.

ఆ జిగ్‌ని పట్టుకుని, మాకు ఇరవై నిమిషాల దూరంలో లావర్టన్ వైపు ఉన్న ఒక చిన్న వర్క్‌షాపుకి వెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు. ఆ యజమాని పెద్దాయన జిగ్‌ని తిప్పి తిప్పి చూసి, ఎవరు నేర్పారని అడిగాడట. మా తాత, ఆయన టూల్‌మేకర్ అందట. పరీక్షలయ్యాక అప్రెంటిస్‌గా చేర్చుకుంటానన్నాడు. నాలుగేళ్ళు పని నేర్చుకుంటూ, వారంలో కొంత కాలేజీలో చదువు. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. వచ్చే శుక్రవారం లోపల కాగితం ఇవ్వకపోతే ఆ చోటు ఇంకొకరిది.

"నాన్న ఒప్పుకోడు తాతా. అమ్మ అసలు ఒప్పుకోదు. కానీ నువ్వు చెప్తే వింటారు. నువ్వు చేసిన పనే కదా."

"చెబుతానులే."

"ప్రామిస్?"

"ప్రామిస్."

ఇప్పుడు ఇంకో అబద్ధం సంగతి చెప్పాలి, ఇది మేకుల అబద్ధం కంటే పాతది. మేము ఈ దేశం వచ్చినప్పుడు ఇక్కడున్న కొద్దిమంది తెలుగువాళ్ళూ డాక్టర్లు, ప్రొఫెసర్లు. పండక్కి ఎవరింటికి వెళ్ళినా, పులిహోర ప్లేటు చేతికిచ్చి "మీరేం చేస్తారండీ?" అనేవారు. "ఆటోమొబైల్" అన్నాను మొదటిసారి. "ఓ, ఇంజనీరా!" అన్నారు. కాదనలేదు. రెండోసారి నేనే అన్నాను. ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకుని, ఇస్త్రీ చొక్కాతో ఇంటికి వచ్చేవాణ్ణి. మా అమ్మాయికి సంబంధం కుదిరినప్పుడు వియ్యాలవారికి ఇంజనీరనే చెప్పాం. మా అమ్మాయికి నిజం తెలుసు. చిన్నప్పుడు నా గోళ్ళలోని గ్రీజు అది బ్రష్షుతో తోమేది. కానీ ఆ అబద్ధంలో తనకీ వాటా ఉంది, తనే భర్తకి అలా చెప్పింది. గిడ్డంగిలో చీటీలంటించిన నాలుగేళ్ళని నేను కన్సల్టింగ్ అన్నాను. గరాజులో పనిముట్లని అల్లుడు నా హాబీ అనుకున్నాడు. ఇరవై ఏళ్ళు నన్ను "ఇంజనీరు మావయ్యగారు" అని స్నేహితులకి పరిచయం చేశాడు పాపం.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ పిల్ల కాగితం తీసి వాళ్ళ నాన్న కంచం పక్కన పెట్టింది. మా ఆవిడ వడ్డిస్తోంది.

అల్లుడు చదివి, నెమ్మదిగానే అడిగాడు. "ఏంటమ్మా ఇది? వెల్డింగా?"

"నో నాన్నా, టూల్‌మేకింగ్."

"బయోమెడ్ సీటు వచ్చేలా ఉందని మీ టీచరే కదే అంది!" మా అమ్మాయి గొంతు లేచింది. మా అమ్మాయి డాక్టరు. "అంత చదివి, ఫ్యాక్టరీలో ఒళ్ళంతా గ్రీజు పూసుకుంటావా?"

"తాత చేశాడుగా. ఫార్టీ ఇయర్స్ చేశాడు. తాత ఫిట్టర్, టూల్‌మేకర్."

అల్లుడు నవ్వాడు. "తాతగారు ఇంజనీరమ్మా."

"కాదు. తాతా, చెప్పు."

అందరూ నా వైపు తిరిగారు. మా అమ్మాయి మాత్రం నీళ్ళ గ్లాసు వైపు చూస్తోంది. నేను కంచంలోకి తల వంచాను. కలిపిన చారన్నాన్నే మళ్ళీ కలిపాను. ఒక్క మాట పెగల్లేదు. ఆ పిల్ల ఎంతసేపు చూసిందో తెలియదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి లేచి వెళ్ళిపోయింది. శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. సంతకం పడలేదు.

ఇప్పుడు యూనివర్సిటీకి వెళ్తోంది. పొద్దున్నే విలియమ్స్ ల్యాండింగ్‌లో రైలెక్కుతుంది. మార్కులు బాగానే వస్తున్నాయట. నన్ను చూస్తే "హాయ్ తాతా" అంటుంది. మర్యాదగా అంటుంది, అదే బాధ. ఇదివరకు మర్యాద ఉండేది కాదు. గరాజులోకి మళ్ళీ రాలేదు. తను చేసిన జిగ్ మాత్రం ఎప్పుడు వచ్చి పెట్టిందో, నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఎప్పుడైనా దానికి మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తుంటాను. వెలుగు రాదు.

దీవికి మధ్యాహ్నాలు ఒక్కణ్ణే వెళ్తున్నాను. ఆ ఆటలో ఆడటం మానేసినవాళ్ళ బొమ్మ వాళ్ళ మంచం మీద నిద్రపోతున్నట్టు ఉంటుంది. కొలిమి పక్క మంచం మీద నా మనవరాలి బొమ్మ ఏడాదికి పైగా పడుకునే ఉంది. నేను కట్టెలు వేస్తుంటాను. ఇనుము నేనే తవ్వి, పడవ కట్టాను, లంగరుతో సహా. నూరో మెట్టు మనిషి చేసిన పడవ, ఎక్కడా చుక్క నీరు చొరదు. కానీ దాన్ని నడపడానికి ఇద్దరు కావాలి, ఒకరు తెరచాప దగ్గర, ఒకరు చుక్కాని దగ్గర. ఒడ్డున కట్టేసి ఉంది. నాలుగు వేల మేకుల్లో నలభై వాడాను.

చేసిన తప్పు దాచుకోవడం లేదు. మాట ఇచ్చి, నోరు తెరవాల్సిన ఒకే ఒక్క చోట ఊరుకున్నాను. అది పిరికితనం. ఇదే నా ఒప్పుకోలు అనుకుని ఇక్కడితో కలం పెట్టేశాను.

పెట్టేసి, మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. గోంగూర దూస్తూ వింది. మేకుల దగ్గర నవ్వింది. ఉల్లిపాయల మాట తను అనలేదంది. భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆకు దూయడం ఆపేసింది.

"ఊరుకున్నానని రాశారా?"

"పిరికితనమని కూడా రాశాను కదే. ఇంకేం రాయమంటావ్?"

"మీరు ఊరుకోలేదండీ. ఊరుకున్నా బాగుండేది. చారు గిన్నె పట్టుకుని నేనక్కడే ఉన్నాను. మీరు అల్లుడి వైపు చూసి నవ్వారు. 'అదంతా ఆటలో సంగతి అల్లుడుగారూ, నేను సుత్తి పట్టింది ఆ కంప్యూటర్లోనే. పిల్లకి ఆటేదో నిజమేదో తెలియడం లేదు' అన్నారు. అది తన అరచేతులు చూసుకుని బల్ల కింద పెట్టేసుకుంది. ఆ మాట రాయండి."